ఆట ఒకరిది, మాట అందరిది

2023 డిసెంబర్ 21న చింతపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రమంతటా ఆ విడతలో ఇచ్చేవి 4,34,185 ట్యాబ్‌లనీ, వాటి విలువ 620 కోట్ల రూపాయలనీ ప్రభుత్వం ప్రకటించింది. బైజూస్ పాఠాలతో పాటు భాషలు నేర్చుకోవడానికి డ్యుయోలింగో యాప్‌నూ వాటిలో పెడుతున్నట్టు చెప్పారు. డ్యుయోలింగో పేరుకు పాఠం, తీరుకు ఆట. పాయింట్లు, మెట్లు, ఒక్కరోజు మానితే తెగిపోయే వరస, తోటివాళ్లతో పోటీ... వీడియో గేమ్‌కు ఉండే హంగులన్నీ దానికున్నాయి. అంటే బడిలో భాష నేర్పడానికి వీడియో గేమ్ పనికొస్తుందా అన్న ప్రశ్న చింతపల్లి కొండలకు పరాయిదేమీ కాదు. పిల్లల పుస్తకాల సంచిలోకి అది ఎప్పుడో చేరింది. అయినా అప్పుడూ, ప్రభుత్వం మారాక కూడా, మన చర్చంతా ట్యాబ్‌లు ఎన్ని, ఎవరిచ్చారు, ఎంత ఖర్చయింది అన్న చోటే తిరిగింది. అసలు అడగవలసిన రెండు ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి. ఆ ఆట పిల్లలతో ఏ భాషలో మాట్లాడుతుంది? ఆడుతున్న పిల్లల పక్కన ఎవరుంటారు? గత ఇరవై ఏళ్లలో వచ్చిన పరిశోధనలను ఓపిగ్గా చదివితే, ఆటతో భాష వస్తుందా రాదా అన్నది ఈ రెండింటి మీదే ఆధారపడి ఉందని తెలుస్తుంది. తెర తనంతట తాను నేర్పేది కొంచెమే. తెర చుట్టూ చేరి పిల్లలు మాట్లాడుకునే మాటల్లోంచి భాష వస్తుంది.

చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల్లో భాషల సంగతి మైదానంలోంచి చూసేవారికి సులభంగా అర్థం కాదు. ఒకే బడికి వచ్చే పిల్లల్లో కొందరి ఇంట ఏజెన్సీ యాస తెలుగు. పైకొండల కోందు గూడేల్లో కువి. కొండదొరల్లో కొందరికి కొండ భాష, దానికే కూబి అని మరో పేరు. అరకు వైపు సంతల్లో ఒక తెగవారు ఇంకో తెగవారితో బేరమాడేది ఆదివాసీ ఒడియాలో. గదబల్లో ఒక శాఖ మాట్లాడేది ద్రావిడ భాష, మరో శాఖది ముండా కుటుంబానికి చెందిన భాష. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాషకు సమగ్ర వ్యాకరణం ప్రచురించారంటే, ఈ కొండలు విద్యావేత్తలకు తెలియనివి కావు. తెలిసినదాన్ని తరగతి గదిదాకా తీసుకురావడంలోనే లోటంతా ఉంది. ఆరేళ్ల కోందు పిల్ల బడిలో అడుగుపెట్టిన రోజున ఆమెకు ఎదురయ్యేది రెండు పరాయి భాషలు: పుస్తకంలోని తెలుగు ఒకటి, మాధ్యమంగా వచ్చిన ఇంగ్లీషు రెండోది. చోడి అంబలి తాగే ఇంట్లో ఆమెకు బోలెడు మాటలున్నాయి. బడిలో వాటిలో ఒక్కటీ చెల్లదు. అందుకే ఆమె నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని మనం మందబుద్ధి అనుకుంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య మొదలుపెట్టింది ఈ మౌనాన్ని ఛేదించడానికే. ఆలోచన గొప్పది. దాన్ని ట్యాబ్‌ల కాలానికి తీసుకువచ్చే పని మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు.

వీడియో గేమ్‌తో భాష వస్తుందనేవారు సాధారణంగా స్వీడన్ వైపు చూపిస్తారు. పియా సుండ్‌క్విస్ట్, లిస్‌బెత్ సిల్వెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో 11, 12 ఏళ్ల పిల్లలు 86 మందిని పరిశీలించారు. వారానికి అయిదు గంటలకు పైగా గేమ్‌లు ఆడేవారికి ఇంగ్లీషు పదసంపద మిగతావారి కంటే ఎక్కువగా ఉంది. థాయ్‌లాండ్‌లో హయో రైండర్స్, సోరాడా వత్తన చేసిన పరిశోధన మరో కోణం చూపింది. రాగ్నరోక్ ఆన్‌లైన్ అనే ఆటను ఇంగ్లీషు తరగతికి అనువుగా మార్చి ఆడించినప్పుడు విద్యార్థులకు తప్పు మాట్లాడతామన్న జంకు తగ్గి, మాట్లాడాలన్న ఇష్టం పెరిగింది. తరగతిలో టీచరు లేపి అడిగితే తల దించుకునేవారు, ఆటలో తోటివాడు ఆపదలో ఉంటే వచ్చీరాని ఇంగ్లీషులోనే హెచ్చరిస్తారు. మన ఆశ్రమ పాఠశాలల్లో నోరు మెదపని పిల్లలను తలచుకుంటే ఇది చిన్న సంగతి కాదు. అయితే థాయ్‌లాండ్ ఆటలో విద్యార్థులు అవతలి మనుషులతో మాట్లాడవలసి వచ్చిందన్నది మరవకూడదు. పైగా స్వీడన్ పిల్లల చుట్టూ టీవీలో, సినిమాలో ఇంగ్లీషు అప్పటికే ఉంది. ఆటే ఆ పదసంపదను తెచ్చిందా, భాష వచ్చినవారే ఆటకు వెళ్లారా అన్నది ఆ ఒక్క పరిశీలనతో తేలదు.

దీనికి ఎదురుగా జపాన్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగాన్ని పెట్టి చూడాలి. 2010లో జొనాథన్ డిహాన్ బృందం విశ్వవిద్యాలయ విద్యార్థులను జతలుగా కూర్చోబెట్టింది. ఒకరు ఇంగ్లీషు పాటల వీడియో గేమ్ ఆడాలి, మరొకరు పక్కన కూర్చుని చూడాలి. తర్వాత పదాల పరీక్ష పెడితే, ఆడినవారికన్నా చూసినవారికే ఎక్కువ పదాలు గుర్తున్నాయి. కారణం ఊహకు అందేదే. ఆడేవాడి మనసు వేళ్ల మీద ఉంటుంది, ఏ మీట ఎప్పుడు నొక్కాలన్న తొందర మాటను వినిపించుకోనివ్వదు. చూసేవాడికి తీరిక ఉంటుంది. ఒక ట్యాబ్ చుట్టూ అయిదుగురు గుమిగూడే బడికి ఈ ఫలితం ఎంత ముఖ్యమో గమనించండి. ట్యాబ్‌లు చాలవన్నది లోపమని మనం లెక్కవేస్తున్నాం. భాష విషయంలో ఆ గుంపే బడికున్న బలం కావచ్చు. ఇది ఉత్త ఊహ కాదు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు 2007లో మన దేశపు గ్రామీణ బడుల పిల్లలు 238 మందితో ఇంగ్లీషు పదాల ఆట ఆడించారు. ఒక కంప్యూటర్‌కు అయిదు మౌస్‌లు తగిలించి అయిదుగురికి పంచితే, ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటర్ ఇచ్చినప్పుడు ఎన్ని పదాలు నేర్చారో దాదాపు అన్నే నేర్చుకున్నారు. అందులో కూడా, ఒకరినొకరు మించాలని పోటీ పెట్టిన పద్ధతికీ, అందరూ కలిసి తేల్చాలన్న పద్ధతికీ పిల్లల తీరులోనూ నేర్చుకోవడంలోనూ కొట్టొచ్చినట్టు తేడా కనిపించింది. మగపిల్లల ఫలితాలు ఆట పద్ధతిని బట్టి మారాయి, ఆడపిల్లలు ఏ పద్ధతిలోనైనా ఒకే తీరుగా నేర్చారు. తలా ఒక ట్యాబ్ చేతికిచ్చి, తలా ఒక మూలకు పంపే విధానం ఖరీదైనది మాత్రమే కాదు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే అవకాశాన్నీ పోగొడుతుంది.

పక్కన పెద్దవాళ్లు ఉండటం ఎంత అవసరమో చెప్పే సాక్ష్యం ఇంకా గట్టిది. ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ అక్షరానికీ ధ్వనికీ ఉన్న ముడిని ఆటగా నేర్పుతుంది. అనేక భాషల్లోకి వెళ్లింది. దాని మీద జరిగిన 19 అధ్యయనాలను ఎరిన్ మెక్‌టీగ్ బృందం 2020లో ఒక్కచోట చేర్చి లెక్కకడితే, పదాలు చదవడంలో మొత్తం మీద ప్రయోజనం సున్నా అని తేలింది. పిల్లలు ఆడుతున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనుండి పలకరించి, సరిదిద్ది, ప్రోత్సహించిన చోట మాత్రం స్పష్టమైన మేలు కనిపించింది. జాంబియా రాజధాని లుసాకాలో ఒకటో తరగతి పిల్లలకు స్థానిక భాషలో ఇదే ఆట ఇచ్చినప్పుడు, పిల్లలతో పాటు టీచర్లూ ఆడిన తరగతుల్లో ఫలితం బాగా వచ్చింది. ఎందుకంటే ఆట ఆడిన టీచరుకు పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుంది. మర్నాడు నల్లబల్ల మీద అదే ధ్వనిని పట్టుకుని ముందుకు సాగుతారు. ట్యాబ్‌ను పిల్లవాడి చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం, టీచరును ఆ ఆటలో భాగం చేయడం ఒక్కటి కాదు. మన పంపిణీ కార్యక్రమాలు ఇంతవరకూ మొదటిదాని చుట్టూనే నడిచాయి.

ఇక ఆట ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్న. ఇక్కడ వీడియో గేమ్‌కు పాఠ్యపుస్తకానికి లేని సౌలభ్యం ఒకటుంది. పుస్తకానికి లిపి కావాలి, గేమ్‌కు గొంతు చాలు. కువిని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తే కొండకవతల ఒడిశాలో ఒడియా లిపిలో రాస్తారు. ఏ అక్షరాన్ని ఏ ధ్వనికి వాడాలన్న చర్చలోనే గిరిజన భాషల వాచకాలకు ఏళ్లు గడిచిపోతాయి. గూడెంలో ఒక ముసలమ్మ గొంతును రికార్డు చేసి ఆటలో పెట్టడానికి ఆ చర్చ తెగేదాకా ఆగనక్కర్లేదు. 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులు మొదట చేసిన పని ఇదే. సవరలను దగ్గర కూర్చోబెట్టుకుని విన్నారు, విన్నది పలికారు, ఆ తర్వాతే రాశారు. ముందు చెవి, తర్వాత నోరు, ఆపైన చేయి. మన బడి ఆ వరసను తలకిందులు చేసి మొదటి రోజునే పలక మీద అ, ఆ రాయిస్తుంది. ఆటలో ఆ వరసను మళ్లీ సరిచేసుకోవచ్చు. పిల్ల మొదట తన ఇంటి మాట వింటుంది, తర్వాత అదే వస్తువుకు తెలుగు మాట, ఆ తర్వాత ఇంగ్లీషు మాట. వినడం, పలకడం స్థిరపడ్డాక అక్షరం తెర మీదికి వస్తుంది.

ఆట స్వరూపం కూడా ఇక్కడిదే కావాలి. అమెరికాలోని బర్క్‌లీ, ఆ తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన మాథ్యూ కామ్ 2004 నుంచి మన దేశపు పల్లె పిల్లలకు సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పే ఆటలు తయారుచేశారు. పాశ్చాత్య వీడియో గేమ్‌ల నమూనాతో చేసిన తొలి ఆటలు పిల్లలకు అంతగా పట్టుబడలేదు. అప్పుడు ఆయన బృందం పల్లెల్లో పిల్లలు ఆడుకునే 28 ఆటలను పరిశీలించి, వాటిలో ఎవరు ఎవరిని పట్టుకుంటారు, గెలుపు ఎలా తేలుతుంది, జట్టు ఎలా ఏర్పడుతుంది అన్నవి రాసుకుని, ఆ సూత్రాలతో కొత్త ఆటలు అల్లింది. నియమం ముందే తెలిసిన ఆటలో పిల్లవాడి ధ్యాస నియమం మీద ఖర్చు కాదు, మాట మీద నిలుస్తుంది. పులీమేకా తెలిసిన పిల్లకు పులీమేకా తీరులో పదాల ఆట ఇస్తే వివరించే పనే ఉండదు. చింతపల్లి వైపు ఇంతకన్నా మంచి సరంజామా వారపు సంత. పసుపు కొమ్ములు, మిరియాలు, రాజ్‌మా గింజలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు: ప్రతిదానికీ ఇంటి భాషలో పేరుంది, తూకం ఉంది, బేరం ఉంది. ఆటలో ఒక పిల్ల అమ్ముతుంది, ఇంకో పిల్ల కొంటుంది. కొనే పిల్ల తెర మీది వస్తువును తాకితే చాలదు, పక్కనున్న పిల్లను నోటితో అడగాలి. అడిగింది సరిగా ఉందో లేదో అమ్మే పిల్ల తేల్చాలి. పలుకును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కువికి లేదని బాధపడనక్కర్లేదు, ఆ పని చేయడానికి పక్కనే ఒక కువి పిల్ల ఉంది.

ఇంత చిన్న భాషలకు ఆటలు ఎవరు చేస్తారు, చేసినా ఎవరు ఆడతారు అన్న సందేహం వస్తుంది. 2014లో అలాస్కాలోని ఆదివాసీ మండలి ఒకటి, కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్, గేమ్ తయారీదారులతో కలిసి నెవర్ అలోన్ అనే ఆట తెచ్చింది. అందులో కథ చెప్పే గొంతు ఇన్యుపియాక్ భాషలో సాగుతుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో వస్తుంది. ప్రపంచమంతా దాన్ని అలాగే ఆడింది. ఉత్తర సామీ భాషలో సంభాషణలు నడిచే స్కాబ్మా అనే ఆట 2022లో వచ్చింది. చింతపల్లి ట్యాబ్‌లలో పెడుతున్నట్టు చెప్పిన డ్యుయోలింగో విషయమే తీసుకోండి. 2018లో అది నవాహో, హవాయి భాషల పాఠాలు చేర్చుకుంది. సినిమాలూ టీవీ కథల కోసం కల్పించిన క్లింగన్, హై వలీరియన్ భాషలకూ అందులో చోటుంది. పూర్వీకుల నుంచి నేటిదాకా మనుషులు బతుకంతా మాట్లాడుతున్న కువికి, ఆదివాసీ ఒడియాకు లేదు. ఇది మనసును నొప్పించే సంగతే. కానీ దాన్ని ఒక విదేశీ కంపెనీ తప్పుగా చూపి ఊరుకోవడం సరికాదు. నవాహో, హవాయి పాఠాల వెనక ఆ భాషల వాళ్లే ఉన్నారు. మన దగ్గర ఆ పని పాడేరు ఐటీడీఏ, గిరిజన సంక్షేమ శాఖ, బహుభాషా విద్యలో పనిచేసిన స్థానిక టీచర్లు కలిస్తే జరుగుతుంది. ఆటలోని గొంతులు, బొమ్మలు, కథలు ప్రభుత్వం చేతిలో, తెగల చేతిలో ఉండాలన్నది కూడా ముందే రాసుకోవాలి. మన ట్యాబ్‌లకు పాఠాలు ఇచ్చిన బైజూస్ మాతృసంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక కంపెనీతో ముడిపెట్టిన పాఠానికి ఆ కంపెనీకి ఉన్నంత ఆయుష్షే ఉంటుంది.

అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది డబ్బు సంగతి. టీచరు రాని బడికి, పైకప్పు కారే బడికి గేమ్ ఏమిటని అడిగేవారి మాటలో న్యాయం ఉంది. పెరూ ప్రభుత్వం ఊరూరా పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడు, 319 గ్రామీణ బడులను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు పెరిగిన ఆధారమేదీ అందులో దొరకలేదు. దానికి జవాబుగా కొందరు టాంజానియాను చూపిస్తారు. అక్కడ గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో భాగంగా దాదాపు 170 గ్రామాల్లో 2,700 మంది పిల్లలకు స్వాహిలీలో నడిచే ట్యాబ్‌లు ఇచ్చి, ఊరికో సౌరశక్తి ఛార్జింగ్ కేంద్రం పెట్టి, 15 నెలలు వదిలేశారు. మొదట్లో నూటికి 90 మందికి పైగా ఒక్క స్వాహిలీ మాటా చదవలేనివారు. చివరికి ఆ సంఖ్య సగానికి తగ్గింది. చాలామంది బడి ముఖమే ఎరగని ఆ పిల్లల్లో ఇది అపురూపమైన మార్పు. మరి టీచరు లేకుండానే వచ్చింది కదా అనవచ్చు. ఆ లెక్కనే రెండోవైపు నుంచి చదవాలి: పదిహేను నెలల తర్వాత కూడా దాదాపు సగం మంది చదవలేకనే ఉన్నారు. పెరూలో యంత్రం వచ్చింది, చేయవలసిన పని ఏమిటో రాలేదు. టాంజానియాలో ఆ ప్రాంతపు భాష వచ్చింది, పెద్దల తోడు రాలేదు. రెండూ ఉన్న చోట ఏం జరుగుతుందో లుసాకా చూపింది. నేను అడుగుతున్నది కొత్తగా 620 కోట్లు కూడా కాదు. తరగతికి నాలుగైదు ట్యాబ్‌లు, సిగ్నల్ లేని గూడెంలోనూ ఆడే ఆటలు, రికార్డింగుకు వెళ్లే మనుషులకు కూలి. గుంపుగా ఆడినా దాదాపు అంతే నేర్చుకుంటారని ఆధారాలు చెబుతున్నప్పుడు తలకొక ట్యాబ్ ఎందుకు?

తెర వ్యసనం మాటేమిటన్నది రెండో భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను జబ్బుల జాబితాలో చేర్చింది. చైనా 2021లో పిల్లల ఆన్‌లైన్ ఆటలను వారానికి మూడు గంటలకు కట్టడి చేసింది. యునెస్కో 2023 నివేదిక బడిలో సాంకేతికత ఎవరి అవసరం కోసం వస్తోందో అడగమంది. ఈ హెచ్చరికలను నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇంటికి ఇచ్చి పంపిన ట్యాబ్ మీద ఎవరి అదుపూ ఉండదన్న తల్లిదండ్రుల ఆందోళన నిజమైనది. అందుకే ట్యాబ్ బడిలో ఉండాలి, రోజుకు ఇరవై నిమిషాలు, టీచరు కళ్లముందు, నలుగురితో. రేపటికి వరస తెగిపోతుందని బెదిరించి పిల్లవాణ్ని లాక్కొచ్చే హంగులు బడి ఆటకు వద్దు. మూడో మాట తల్లిదండ్రులదే: మాకు ఇంగ్లీషు కావాలి, కువి ఇంట్లో ఎలాగూ ఉంది. అది అడవి కూలి నుంచి పిల్లలను తప్పించాలన్న తాపత్రయం, దాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఇంగ్లీషు పదానికి అర్థం ఎక్కడో ఒక తెలిసిన మాటకు తగులుకోవాలి. ఆరేళ్ల పిల్లకు తెలిసిన మాట కువిలో ఉన్నప్పుడు, తెలియని తెలుగు మీదుగా తెలియని ఇంగ్లీషుకు నడిపిస్తే ఆమెకు మిగిలేది అర్థం లేని బట్టీ.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. ఆ తోడు టీచరు ఎక్కడ? 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నూటికి నూరు శాతం కేటాయింపు రాజ్యాంగానికి నిలవదన్న తీర్పును గౌరవిస్తూనే ఒక మాట చెప్పుకోవాలి. పిల్లల భాష తెలిసి ఉండటం ఒకటో రెండో తరగతి చెప్పేవారికి ఉండవలసిన అర్హత. దాన్ని నియామకంలో అర్హతగా రాసుకోవడానికి ఆ తీర్పు అడ్డుపడుతుందని నేను అనుకోను. అంతవరకూ మైదానం నుంచి వచ్చిన టీచరుకు ఈ ఆటే మొదటి పాఠం కాగలదు. సంత ఆటలో పసుపును కువిలో ఏమంటారో పిల్లలే ఆయనకు నేర్పుతారు. తప్పు పలికితే దిద్దుతారు. బడిలో ఎప్పుడూ తప్పులు దిద్దించుకునే పిల్ల ఒక్కసారి దిద్దే స్థానంలోకి రావడం వల్ల ఆమె నోటికి కలిగే ధైర్యాన్ని ఏ పాయింట్ల పట్టికా కొలవలేదు.

మొదలు పెట్టవలసిన చోటు గురించి కూడా మనసు మార్చుకోవాలి. చింతపల్లిలో ట్యాబ్ అందుకున్నది ఎనిమిదో తరగతి. భాష దగ్గర పిల్లలు నిలబడతారా, బడి మానేస్తారా అన్నది తేలేది ఒకటి నుంచి మూడో తరగతి లోపు. కాబట్టి తొలి ఆటలు గూడేల ప్రాథమిక బడులకు, అందులోనూ ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసే బడులకు వెళ్లాలి. ఆయన ఒక తరగతికి అక్షరం దిద్దిస్తున్నప్పుడు ఇంకో తరగతి నలుగురేసి గుంపులుగా ఆడుతుంది, తర్వాత ఆయన వచ్చి ఆ గుంపులో కూర్చుంటారు. ఒక కువి బడి, ఒక ఆదివాసీ ఒడియా బడి, ఒక ఏజెన్సీ తెలుగు బడి: మూడు రకాల చోట్ల ఒక విద్యా సంవత్సరం నడిపి చూస్తే చాలు. ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చాం, పిల్లలు ఎన్ని గంటలు ఆడారు అన్న లెక్కలు యంత్రం తనే రాసుకుంటుంది. అధికారులు బడికి వెళ్లి రాసుకోవలసిన లెక్క వేరే ఉంది. జూన్‌లో తరగతిలో ఒక్క మాటా మాట్లాడని పిల్లలు ఎంతమంది? వాళ్లలో ఏప్రిల్ నాటికి తెలుగులో లేచి అడిగినవారు ఎంతమంది, ఇంటి భాషలో టీచరును దిద్దినవారు ఎంతమంది?